ఆ బిరడా పీకింది నేనే

నవంబరులో ఒక శనివారం ఉదయం ఏడు దాటి పది నిమిషాలకు లింగంపల్లిలో తాండూరు వైపు పోయే పాసింజరు ఎక్కాను. భుజానికి ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, ఆటల కోసం కొత్తగా కొన్న కాన్వాసు బూట్లు, మా సంఘం పాత వార్షిక సంచిక ఒకటి. ఆ సంచికలో పదకొండో పేజీలో నేను రాసిన కథనం ఉంది. చదివినవాళ్లంతా కడుపుబ్బ నవ్వారు. అందులో ముఖ్యమైన ఒక్క సంగతి అబద్ధం. దాన్ని సరిచేయడానికే ఈ ప్రయాణం.

మా సంఘం అంటే, జపాన్ వాళ్ల యువజన మార్పిడి కార్యక్రమం కింద నెల రోజులు అక్కడి పల్లెల్లో ఉండి వచ్చినవాళ్ల సంఘం. వ్యవసాయం చేసేవాళ్లు, టీచర్లు, నర్సులు, నాలాంటి చిన్న ఉద్యోగులు ఉన్నారు. ఏడాదికి ఒకసారి రెండు రోజులు కలుస్తాం. మాలో మేము కలిసి ఫోటోలు దిగి పోవడం కాదు. ఊళ్లోవాళ్లను పిలిచి, అక్కడ చూసిందీ నేర్చిందీ ఏదో ఒకటి వాళ్లతో కలిసి చేస్తాం. ఈసారి శనివారం వికారాబాద్‌లో వంట, ఆదివారం తాండూరులో ఆటలు. ఎవరైనా రావచ్చు.

వారం ముందు కార్యదర్శి శోభ ఫోన్ చేసింది. ఆమె వికారాబాద్‌లో హైస్కూలు టీచరు, నాకంటే పదేళ్లు చిన్నది.

"అన్నా, ఈసారి బీరయ్యన్న బిడ్డ అనిత జపాన్ పోతున్నది. మీరిద్దరు ఉన్న ఇంట్లనే దిగుతదంట. ఆదివారం తాండూర్ల ఆమెకు సాగనంపుడు పెట్టినం. మీరు స్టేజి మీద తొట్టి కథ చెప్పాలె. మీరు చెప్తెనే మజా."

తొట్టి కథ తెలియనివాళ్ల కోసం చెబుతాను. జపాన్‌లో ఇంటిల్లిపాదీ ఒకే వేడినీళ్ల తొట్టిలో వంతులవారీగా స్నానం చేస్తారు. ముందు తొట్టి బయట కూర్చుని సబ్బుతో ఒళ్లంతా కడుక్కోవాలి. ఆ తర్వాతే తొట్టిలో దిగి కాసేపు కూర్చోవాలి. కాబట్టి నీళ్లు మురికి కావు, మనిషి మనిషికీ మార్చరు. అతిథి ఉంటే అతనిదే మొదటి వంతు. ఇరవై మూడేళ్ల కిందట బొంరాస్‌పేట దగ్గర గొర్రెలు కాసే ఇంటి నుంచి వచ్చిన బీరయ్య, నవాబుపేట నుంచి వచ్చిన నేను అక్కడ ఒకే ఇంట్లో దిగాం. ఇద్దరికీ ఇరవై ఏడేళ్లు. దిగిన రోజు సాయంత్రం, బయట మంచు పడుతుండగా, మా ఇద్దరిలో ఒకడు స్నానం ముగించి, అదే మర్యాద అనుకుని, తొట్టి అడుగున ఉన్న బిరడా పీకి నీళ్లన్నీ వదిలేశాడు. ఆపైన తొట్టిని తళతళలాడేలా కడిగి బయటికొచ్చాడు. తాత, అవ్వ, ఇంటాయన, ఇంటామె, ఇద్దరు పిల్లలు తువ్వాళ్లు పట్టుకుని వంతు కోసం ఎదురు చూస్తున్నారు. మళ్లీ నీళ్లు నిండి కాగేసరికి గంటన్నర పట్టింది. ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఇదీ కథ. ఇన్నేళ్లుగా ప్రతి సమావేశంలో దీన్ని నేనే చెప్పాను, ఖాళీ తొట్టిని చూసి తాత ముఖం ఎలా పెట్టాడో చేసి చూపించి మరీ చెప్పాను. సంచికలో రాశాను. బిరడా పీకినవాడు బీరయ్య అని చెప్పాను, అదే రాశాను. ఆయనకు తొట్టి బీరయ్య అన్న పేరు నా వల్లే వచ్చింది.

పీకింది నేను.

ఎందుకు అబద్ధమాడానో కూడా చెప్పాలి. మరునాడు పొలాలు చూడటానికి పోతుంటే సంగతి ఎలాగో చెవిన పడిన మా బృందం నాయకుడు బస్సులో అడిగాడు, "తొట్టి ఖాళీ చేసింది మీ ఇద్దరిలో ఎవరు?" అని. వీడ్కోలు సభలో మన దేశం తరఫున మాట్లాడే మనిషిని ఆయనే ఎంచాలి. ఆ అవకాశం నాకు కావాలి. బీరయ్య ఆ రోజు వేరే బస్సులో ఉన్నాడు. నా నోటి నుంచి అతని పేరు వచ్చింది. వీడ్కోలు సభలో నేనే మాట్లాడాను.

పశ్చాత్తాపం నన్ను రైలెక్కించింది అని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. సగం భయం. బిరడా పీకింది ఎవరో ఆ ఇంటామెకు తెలుసు. నేను స్నానాల గదిలో ఉన్నంతసేపూ బీరయ్య ఆమె పిల్లలతో కూర్చుని కాగితం పడవలు మడుస్తున్నాడు. అనిత పోయి ఆ ఇంట్లో దిగితే నిజం అక్కడి నుంచి వస్తుంది. అంతకంటే ముందు నా నోటి నుంచే రావాలనిపించింది.

శంకర్‌పల్లి దాటాక ఎదురు సీట్లో మర్పల్లి రైతు ఒకాయన మాట కలిపాడు. ఒళ్లో కొత్త కుక్కర్ డబ్బా పెట్టుకున్నాడు. నేను ఎక్కడికి, ఎందుకు అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"జపాన్ల కందిపప్పు దొరుకుతదా?"

"దొరకదు."

"మరి నెల రోజులు ఎట్ల బతికిన్రు?"

చేపలు తిని అన్నాను. నన్ను జాలిగా చూశాడు. దిగేటప్పుడు కుక్కర్ డబ్బా నా చేతికిచ్చి, తాను ముందు దిగి, తిరిగి తీసుకున్నాడు.

ఎనిమిదిన్నరకు వికారాబాద్. స్టేషన్ బయట ఇడ్లీ, టీ బాగున్నాయి. అక్కడి నుంచి షేర్ ఆటోలో పది నిమిషాలు పోతే మా వంట జరిగే హాలు. పోయేసరికి అరవై మంది దాకా ఉన్నారు. సగం మంది శోభ స్కూలు పిల్లల తల్లులు, వాళ్ల అత్తలు.

ఆ రోజు వంట జపాన్ అన్నం ముద్దలు. మధ్యలో ఏదైనా కూరి, మూడు మూలలుగా ఒత్తి, బయట ఆకు చుడతారు. అక్కడి బియ్యం జిగటగా ఉంటుంది కాబట్టి ముద్ద నిలబడుతుంది. మన సన్న బియ్యంతో చేస్తే నోటి దాకా రాకముందే విడిపోతుంది. నిరుడు అదే జరిగింది. ఈసారి శోభ వారం ముందే మరపట్టించిన కొత్త బియ్యం తెప్పించింది. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని మన ఇళ్లలో ఎవరూ వండరు. దీనికి సరిగ్గా అదే కావాలి. వాళ్లు చుట్టే సముద్రపు నాచు ఆకు మనకు దొరకదు కాబట్టి మోదుగాకు చుట్టాం. లోపల చేపకు బదులు గోంగూర తొక్కు.

చేతులు తడిపి, ఉప్పద్ది, ముద్ద ఎలా ఒత్తాలో నేను చూపించాను. పక్కనున్న పెద్దామె నేను ఒకటి చేసేలోపు నాలుగు చేసింది.

"గిదేనా జపాను?" అంది. "మా అమ్మ చేనుకు పొయ్యేటప్పుడు రోజు కట్టిచ్చేది."

"ఇది మూడు మూలలుండాలె, అవ్వా."

"కడుపుల వడ్డంక మూల ఏడుంటది బిడ్డా?"

ఆమె ముద్దలన్నీ గుండ్రంగానే చేసింది. ముందుగా అయిపోయినవీ అవే.

పన్నెండున్నరకు భోజనాలయ్యాయి. గిన్నెలు కడిగే చోట శోభ ఒక్కతే దొరికింది. అప్పుడే చెప్పేశాను, బిరడా పీకింది నేనని. ముందు నవ్వింది.

"ఊకోండన్నా."

"నవ్వులాట కాదు చెల్లె. నేనే పీకిన."

ఆమె చేతిలోని గిన్నె పక్కన పెట్టింది. తర్వాత టీచరు గొంతుతో అంది. "సరే. గని రేపు చెప్పకండి. రేపు పిల్లను సాగనంపుడు, నవ్వుకుంట పోవాలె. పాత కథనే చెప్పండి. తర్వాత నేనే మెల్లగ అందరికి చెప్త."

ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో ఇక్కడ రాయకపోతే ఈ కథనం రాసి లాభం లేదు. సాయంత్రం నాలుగింటికి ఆటోలో అనంతగిరి పోయాను. గుట్ట మీద చెట్ల నీడలో జనం కుటుంబాలతో కూర్చుని పులిహోర తింటున్నారు, కోతులు వాళ్లను కనిపెట్టుకుని తిరుగుతున్నాయి. అక్కడి గుడిలో దర్శనం చేసుకుని వస్తున్నవాళ్లు దారిలో సీతాఫలాలు బేరమాడుతున్నారు. కాలానికి చివరి కాయలు, చిన్నవి, మంచి తీపి. రెండు తిని దిగి వచ్చాను. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది దొరికింది. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు బకెట్టుతో ఇస్తారు. పడుకునే ముందు దాకా శోభ చెప్పినట్టే చేద్దామని అనుకున్నాను.

ఆదివారం ఏడున్నరకు మళ్లీ రైలు. వికారాబాద్ నుంచి తాండూరుకు గంట కూడా పట్టదు. ధారూర్ దాటాక రెండు వైపులా కంది చేలు, పసుపుపచ్చ పూత మీద ఉన్నాయి. తాండూరు దగ్గర పడేకొద్దీ పెట్టెలో కన్నడం పెరుగుతుంది. నా పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించారు. వాళ్ల మధ్య పేచీ మాత్రం రెండు భాషల్లోనూ నాకు అర్థమైంది. ఒకామె బొప్పాయి పండు మీద రెండో ఆమె మూట పెట్టింది.

స్టేషన్ బయట స్కూటీ మీద ఒక అమ్మాయి చెయ్యి ఊపింది. అనిత. పదేళ్లప్పుడు చూశాను. ఇప్పుడు ఇరవై ఒకటి, వ్యవసాయ డిప్లొమా చేసింది.

"కాకా, ఎక్కు. నాయిన మైదానం కాడ గీతలు గీస్తున్నడు."

స్కూటీ నాపరాయి పాలిష్ షెడ్ల మధ్య నుంచి పోతోంది. ఇరువైపులా పలకలు నిలబెట్టి ఉన్నాయి, రోడ్డు మీద తెల్లటి దుమ్ము. ఆమె వెనక్కి తిరక్కుండా గట్టిగా మాట్లాడుతోంది.

"కాకా, ఆ ఇంట్ల అడుగు పెట్టంగనే ఏమనాల్నో నేర్చుకున్న. ఇను. చిచి గ ఒఫురో నో ఓయు ఓ నుఇతె షిమత్తె, మోషివకె అరిమసెన్ దెషిత."

నాకు వచ్చిన కాస్త జపాన్ భాష ఎప్పుడో పోయింది. అయినా ఆ వాక్యం అర్థమైంది. మా నాయన తొట్టి నీళ్లు వదిలేసినందుకు మమ్మల్ని మన్నించండి.

"మూడు వారాలు పట్టింది నేర్వనీకి," అంది. "కొత్త బిరడా కూడ ఒకటి కొనుకపోదామనుకున్న. నాయిన వద్దన్నడు. కందిపప్పు తీస్కపో అన్నడు."

"మీ నాయిన ఇంకేమన్నడు?"

"ఏమంటడు? నేర్వమన్నడు. నన్ను చిన్నప్పుడు మీటింగ్ల తొట్టి పాప అనెటోళ్లు, యాదికుందా కాకా? నేను మస్తు ఖుష్ అయ్యేదాన్ని. నాయిన మాత్రం ఆ యేడు సంది మీటింగ్లు బంద్ చేసిండు."

స్కూటీ వెనక కూర్చున్న మనిషి ముఖం నడిపేవాళ్లకు కనబడదు. ఆ రోజు అది నాకు కలిసొచ్చింది. శోభ చెప్పినట్టే చేద్దామన్న ఆలోచన మాత్రం ఆ పాలిష్ షెడ్ల దగ్గరే పోయింది.

మైదానం ఒక స్కూలుది. జపాన్ పల్లెల్లో ఏడాదికోసారి పిల్లల నుంచి ముసలివాళ్ల దాకా ఊరంతా ఎర్ర జట్టు, తెల్ల జట్టుగా విడిపోయి ఆడే ఆటల రోజు ఒకటి ఉంటుంది. మేము ఇక్కడ చేసేది అదే. పాలిష్ షెడ్లలో పని చేసే కుటుంబాలు చాలా వచ్చాయి. గీతలకు సున్నం కాదు, రాయి పాలిష్ చేస్తే మిగిలే తెల్ల పొడి. ఆ పొడి బకెట్టు పట్టుకుని వంగి గీత గీస్తున్న మనిషి బీరయ్య. తల నెరిసింది, మనిషి మాత్రం సన్నగా అలాగే ఉన్నాడు. ఇప్పుడు ఉండేది తాండూరు పక్కనే, గొర్రెలున్నాయి, నాలుగెకరాల కంది ఉంది.

"వచ్చినవా ప్రభు," అన్నాడు. "జర పక్కకు నిలవడు. గీత తొక్కుతున్నవ్."

తొమ్మిదిన్నరకు అందరం కలిసి కసరత్తు చేశాం. తర్వాత బంతుల ఆట. పొడుగాటి కర్ర మీద బుట్ట, కింది నుంచి గుడ్డ బంతులు విసిరి నింపాలి. జపాన్‌లో ఆ బంతుల్లో అక్కడి ఎర్ర గింజలు పోస్తారు. మావాళ్లు పాత చీరలు కుట్టి కందులు పోశారు. ఆట మధ్యలో ఎర్ర జట్టు బంతి ఒకటి చిట్లి కందులన్నీ నేల మీద పడ్డాయి. రెండు జట్ల ఆడవాళ్లూ ఆట ఆపేసి ఏరడం మొదలుపెట్టారు. శోభ మైకులో మొత్తుకుంది, "అమ్మా, టైం పోతున్నది, ముందు బంతులు వెయ్యండి." ఎవరూ తల ఎత్తలేదు. ఒకామె కొంగులో కందులు కట్టుకుని లేచాకే ఆట మళ్లీ సాగింది.

అరువు పరుగు ఇంకా బాగా జరిగింది. పరుగెత్తి చీటీ తీయాలి, అందులో రాసిన వస్తువును జనంలో ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకుని గీత దాటాలి. ఒక చీటీలో "నాలుగు కాళ్లది" అని ఉంది. రిటైరైన పోస్ట్‌మాస్టరుగారికి అది వచ్చింది, ఆయన ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకుని పరుగెత్తాడు. అదే మాట ఉన్న ఇంకో చీటీ వచ్చిన తెల్ల జట్టు పాలిష్ కార్మికుడు గోడ అవతల మేస్తున్న బీరయ్య పొట్టేలును పట్టుకొచ్చాడు. పొట్టేలు గీత దాకా వచ్చి నిలబడిపోయింది. పోస్ట్‌మాస్టరు ముందు దాటాడు. కుర్చీకి ఉన్నవి కాళ్లా కావా అని పావుగంట వాదన జరిగింది.

"కాళ్లంటె నడవాలె గద సార్," అన్నాడు కార్మికుడు.

"నీ పొట్టేలు నడిచిందా?" అన్నాడు పోస్ట్‌మాస్టరు.

ఇద్దరికీ సగం సగం మార్కులిచ్చారు. తాడు లాగుడులో సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఆడవాళ్లు "ఎళీరి, ఎళీరి" అని, లాగండి లాగండి అని కన్నడంలో అరుస్తుంటే తెల్ల జట్టు గెలిచింది. నేను ఎర్ర జట్టు. నా కొత్త బూట్లు జారాయి.

పన్నెండున్నరకు సాగనంపుడు. నాపరాళ్లు పేర్చి కట్టిన చిన్న వేదిక. అనితకు దండ వేశారు. శోభ నా పేరు పిలిచింది, నావైపు ఒకసారి చూసి మైకు ఇచ్చింది. నేను నోరు తెరవకముందే ముందు వరసల్లో నవ్వులు మొదలయ్యాయి.

"మీకు తెలిసిన తొట్టి కథలో ఒక తప్పున్నది," అన్నాను. "బిరడా పీకింది బీరయ్య కాదు. నేను."

ఒక్క క్షణం ఆగి జనం మునుపటి కంటే గట్టిగా నవ్వారు. వెనక నుంచి ఎవరో అన్నారు. "అన్నా, ఇయ్యాల బిడ్డ ముందట తండ్రిని కాపాడుతున్నవ్."

"లేదు. నిజం చెప్తున్న. ఆ రోజు బీరయ్య బయట పిల్లలతో కూర్చున్నడు."

ఇంకా నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఇరవై మూడేళ్లుగా నేను మైకు పట్టుకుంటే నవ్వాలని నేర్పింది నేనే కదా. అనిత మాత్రం నవ్వడం లేదు. నన్ను చూసి, తర్వాత తండ్రిని చూసింది.

అప్పుడు శోభ వచ్చి నా చేతిలోంచి మైకు తీసుకుంది. "అన్న నిన్న నాకు చెప్పిండు. ఇయ్యాల చెప్పొద్దని నేనే అన్న. తప్పు నాది గూడ ఉన్నది. అన్న చెప్తున్నది కథ కాదు."

నవ్వులు ఆగాయి. పోస్ట్‌మాస్టరుగారు కుర్చీలోంచే అడిగారు. "నిజమేనా బీరయ్యా?"

బీరయ్య లేవలేదు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు.

"నేను గొర్లకు చేదబాయిలకెళ్లి నీళ్లు తోడి పోసినోన్ని. కాగవెట్టిన నీళ్లు, గంతగనం, నేనెట్ల పారవోస్త?"

అంతే అన్నాడు. నేను రెండుసార్లు చెప్పినా నమ్మనివాళ్లు ఈ ఒక్క మాటతో నమ్మారు. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని తలలూపారు. కందులు కొంగున కట్టుకున్నామె నావైపు తిరిగింది.

"ఇన్నేండ్లు తొట్టోడు నువ్వా? మంచిగున్నది సారూ నీ పని."

మళ్లీ నవ్వారు. ఈసారి ఎవరిని చూసి నవ్వాలో వాళ్లకు సరిగ్గా తెలుసు. దిగి వస్తుంటే పొట్టేలు కార్మికుడు "తొట్టి సార్" అని దారిచ్చాడు. ఆ పేరు ఇక నాది. మీరూ అలాగే పిలవవచ్చు.

భోజనాలు ఒంటిగంటకు. జొన్నరొట్టె, మటన్, తాండూరు కందిపప్పు, పెరుగన్నం. బీరయ్య పళ్లెం పట్టుకుని గోడ పక్కన రాతి పలక మీద కూర్చున్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. క్షమించమన్నాను. ఆయన రొట్టె తుంచుతూ విన్నాడు.

"గప్పుడే ఎందుకు చెప్పలేదు నువ్వు?" అని అడిగాను.

"తెల్లారి నువ్వే చెప్తవనుకున్న. మల్ల తెల్లారి చెప్తవనుకున్న. విమానం ఎక్కినంక చెప్తవనుకున్న." కాస్త పప్పు వేసుకున్నాడు. "మొదట్ల అందరు నవ్వుతుంటె నాకు గూడ నవ్వే వచ్చేది. నా బిడ్డను తొట్టి పాప అన్నప్పుడు రాలే. అప్పటికి నేను చెప్తె ఎవరు నమ్ముతరు?"

సంచిలోంచి పాత సంచిక తీసి పదకొండో పేజీ చూపించాను. దాని మీద ఇది తప్పు అని రాసి సంతకం చేసి ఇస్తానన్నాను.

"నాకెందుకు? అది సదివినోళ్లకు రాయి," అన్నాడు. "రొట్టె సల్లారుతున్నది."

అందుకే ఇది రాస్తున్నాను.

అనిత చెయ్యి కడుక్కుని మా దగ్గరికి వచ్చింది. ఆమె కోపం కొంచెం నా మీద, కొంచెం తండ్రి మీద ఉంది. "మూడు వారాలు నేర్చుకున్న నాయినా. ఒక్క మాట అంటె పోయేది గద."

"నేర్సుకున్నది ఏడికి పోతది? పేరు మార్సు," అన్నాడు బీరయ్య.

ఆమె ఆలోచించింది. "చిచి గ తీసేసి చిచి నో తొమొదాచి గ అనాలె. మా నాయిన దోస్తు అని." తండ్రి ముఖం చూసింది. "దోస్తు అనాల్నా? లేకుంటె చిచి తోని పోయినాయన అనాల్నా? అది జర పొడుగైతది."

బీరయ్య పళ్లెంలో మిగిలిన పప్పు రొట్టెతో తుడిచి తిన్నాడు. నేను నేల చూస్తున్నాను.

"దోస్తు అను," అన్నాడు చివరికి. "కొత్త మాటలు నేర్వనీకి టైం ఏడున్నది నీకు?"

ఆమె అక్కడే నిలబడి కొత్త వాక్యాన్ని నాలుగుసార్లు అని చూసుకుంది. మొదటిసారి తడబడింది. నాలుగోసారి తడుముకోకుండా వచ్చింది.

తిరుగు రైలు నాలుగు దాటాక. బీరయ్యే బండి మీద స్టేషన్‌కు తెచ్చి దింపాడు. ఫ్లాట్‌ఫారం మీద బెంచీలు కూడా నాపరాయివే, చల్లగా ఉన్నాయి. టీ తాగాం.

"వచ్చే యేడు వస్తవా?" అడిగాను.

"వస్త. గని కథ నువ్వు చెప్పొద్దు. నేను చెప్త."

"చెప్పు."

"ఉన్నది ఉన్నట్టు చెప్తె మజా రాదు. జర కలుపుత." కప్పు కింద పెట్టాడు. "తొట్టిల కూసొని నువ్వు పాటలు పాడినవని చెప్త. ఆ తాత తలుపు కాడ నిలవడి ఇన్నడని చెప్త."

"నేను పాడలేదు గదా బీరయ్యా."

"పాడలే," అన్నాడు. "నాకు తెల్వదా?"

రైలు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ధారూర్ దగ్గర కంది చేల మీద ఎండ వాలింది. ఎదురుగా పాలిష్ షెడ్ కుటుంబం ఒకటి ఎర్ర తువ్వాళ్లు ఇంకా తలకు కట్టుకునే ఉంది. తాడు లాగుడులో ఓడిపోవడానికి నా బూట్లే కారణమని వాళ్ల అభిప్రాయం. కాదనలేకపోయాను.

ఈ రెండు రోజుల సమావేశాలకు ఇన్నేళ్లుగా పోతున్నాను. ఇంతకు ముందు ప్రతిసారీ ఇంటికి వచ్చేటప్పుడు ఎంతమందిని నవ్వించానో లెక్క చూసుకునేవాణ్ని. ఈసారి నన్ను చూసి నవ్వారు. ప్రయాణం తేలిగ్గా సాగింది. మీరూ రండి. శనివారం వికారాబాద్‌కు పొద్దున రైలు చాలు. లాడ్జి ముందే చెప్పుకోనక్కర్లేదు. జారని బూట్లు వేసుకోండి. ఆదివారం తాండూరులో భోజనాలకు ముందు బీరయ్య మైకు పట్టుకుని, నేను తొట్టిలో కూర్చుని పాటలు పాడానని చెబుతాడు. ముందు వరసలోనే ఉంటాను. కాదని చెప్పను.